టాంకీ ఉండేదే ఇయ్యి

పాకాల మీటరుగేజి ఇంజను, అరచేతిలో పట్టేంత.
దానికి రంగు కొట్టే గన్ను కోసం
తిరుపతంతా తిరిగినా.

"సూది పాయింట్ టూనా, త్రీనా?" అన్నాడు కొట్లో మునిరత్నం.
టూ అయితే వెంట్రుక గీస్తాది,
మాటిమాటికీ మూసుకుపోతాది.
త్రీనే ఇయ్యప్పా,
ఇది క్యారేజి షాపులో పెట్టెలకు రంగేసిన చెయ్యి,
వెంట్రుకలు దీనికి తెలీవు.

కంప్రెసరు మాత్రం టాంకీ ఉండేదే.
లేనిది దగ్గుతా ఊదుతాది.
నీళ్లు పట్టే గిన్నె కూడా బిగించు,
కార్తీకంలో మా గాలే సగం వాన.

చప్పుడెంత? ఆన్ చెయ్యి, విందాం.
రుయాలో నైట్ డ్యూటీ చేసొచ్చి
గోడవతల పగలంతా పడుకుంటాది షకీలమ్మ.

ఇంటికొచ్చి ముందు నా గోటిమీద కొట్టి చూసుకున్నా.
నలుపు. పొగంత పల్చగా.
ఆ లైన్లో పొగ లేచి ఎన్నేండ్లో.

ఇంజను ఇంకా ప్రైమరు బూడిదలోనే ఉండాది.