పదమూడో మెట్టు

స్టేజి మీద మెట్లు మూడే.
అంతకు మించి చెక్క లేదన్నాడు వడ్రంగి బ్రహ్మాజీ.
మిగతావన్నీ తెర వెనక
నా చేతిలోని కొబ్బరి చిప్పలే.

నేను ప్రాంప్టర్ని.
మరిచినవాళ్లకు మాట అందిస్తాను,
ఎక్కేవాళ్లకు మెట్లు అందిస్తాను.

పాత నాటకం. ఎప్పుడో ఎవరో తెనిగించింది,
మా ప్రతికి మొదటి పేజీ లేదు.
అందులో అన్న రోజూ చెల్లెలితో అంటాడు:
మన మేడకి పన్నెండే మెట్లమ్మా,
నువ్వే తప్పు లెక్కపెడుతున్నావు.
ఆమె పదమూడు లెక్కపెడుతుంది.
మొదటి అంకంలో నేనూ పదమూడే కొడతాను.
మూడో అంకానికి ఆమె లెక్క మానేస్తుంది,
అప్పుడు నన్ను పన్నెండే కొట్టమని రాసుంది.
చూసేవాళ్లు కూడా
తమ చెవుల్ని తాము నమ్మకూడదట.

రిహార్సలు బ్రాడీపేటలో, ట్యూషన్ సెంటరు మేడ మీద,
పిల్లలు వెళ్లిపోయాక, రాత్రి ఎనిమిదిన్నరకి.
బోర్డు మీద చెరపని సైన్ తీటా, కాస్ తీటా.
మార్చి నెల. యార్డు వైపు నుంచి ఘాటు గాలి.
హత్యకి ముందు ఉండాల్సిన నిశ్శబ్దంలో
హంతకుడు తుమ్మేవాడు.

హంతకుడు నాగూర్ షరీఫ్,
పగలు మిర్చి యార్డులో కాటా గుమస్తా.
టిక్కీకి పావుకిలో తేడా వస్తే
ఆ పూట అన్నం సహించని మనిషి.
"పన్నెండే" అనే చోట ప్రతిసారీ గొంతు వణికేది.
డైరెక్టరు త్రివిక్రమం గారు, రిటైరైన గూడ్సు గార్డు,
ఎర్రజెండా ఊపినట్టు చెయ్యి ఊపేవారు:
"అబద్ధం గట్టిగా చెప్పకు షరీఫూ.
జాలిగా చెప్పు.
జాలిగా చెబితేనే నమ్ముతారు."

ఆ మాట నేను రాసుకోలేదు.
నాకు ముందే వచ్చు.

హాలుకి అడ్వాన్సు నాలుగు వేలు.
కుట్టుమిషను సొరుగులోంచి తీశాను,
హైమావతి జాకెట్లు కుట్టి దాచుకున్నవి.
రెండుసార్లు లెక్కపెట్టుకుంది,
మూడోసారి నా ముందు పరిచి లెక్కపెట్టింది.
"పదకొండు వేలుండాలండీ."
"ఏడే అయ్యుంటాయిలే హైమా,
ఈ మధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది,"
అన్నాను.
జాలిగా.

ప్రదర్శన నాడు రెండొందల కుర్చీలు, డెబ్భై మంది జనం.
మూడో వరసలో హైమావతి, ఒళ్లో నా టిఫిను డబ్బా.

చెల్లెలి వేషం మరియరాణిది.
జనరలాసుపత్రిలో నర్సు, నైట్ డ్యూటీల మధ్య నేర్చుకుని
ఒక్క అక్షరం పొల్లు పోనివ్వలేదు,
నా వైపు ఒక్కసారీ చూడలేదు.
మూడో అంకంలో, మెట్ల ముందు, ఆగిపోయింది.

మరిచిందేమోనని అందించాను:
"నువ్వన్నదే నిజం అన్నయ్యా. పన్నెండే."
వినబడింది. తల తిప్పి చూసింది.
మళ్లీ అందించాను, కాస్త గట్టిగా,
ముందు వరసకీ వినబడే ఉంటుంది.
హాల్లో ఎవరూ దగ్గలేదు. షరీఫ్ తుమ్మలేదు.
ఆమె కాలెత్తి మెట్టు మీద పెట్టింది.
"ఒకటి."

అది పుస్తకంలో లేదు.

ఏం చెయ్యను? చిప్పలు కొట్టాను.
రెండు. మూడు. తెర ఇవతలికి వచ్చేసింది,
నా పక్కనే నిలబడి, నా చేతుల్నే చూస్తూ,
బయటికి వినబడేలా లెక్కపెడుతోంది
రోగి నాడి పట్టుకున్నట్టు.
తొమ్మిది. పది.
పన్నెండు దగ్గర నా చేతులు ఆగాయి.

ఆమె ఎదురుచూసింది.
అందరూ ఎదురుచూశారు.
అప్పుడు చీకట్లోంచి, మూడో వరస నుంచి,
ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన గొంతు
ఎవరికో చిల్లర గుర్తుచేసినంత మామూలుగా
"ఇంకోటుంది" అంది.

కొట్టాను.

చప్పట్ల సంగతి వాళ్లూ వీళ్లూ చెప్పారు.
నాకు గుర్తున్నది స్కూటరు మీద ఇంటికి వస్తూ
లాడ్జి సెంటరు దాటాక
"నాలుగు వేలు" అనడం.
వెనక నుంచి జవాబు లేదు.
గతుకులో టిఫిను డబ్బా
ఒక్కసారి మోగింది.