తొమ్మిదో భాగం

ఎలీయస్‌ని చంపిన రాత్రి నాకు నిద్రొస్తోంది.
అంతకుమించి కారణం లేదు.
క్లాక్స్‌విక్ చేపల కార్ఖానాలో రెండో షిఫ్టు దిగి
వేళ్ళ సందుల్లో పొలుసులు మెరుస్తుండగానే
తొమ్మిదో భాగం రాయడానికి కూర్చున్నాను.
తెల్లారితే గురువారం.
ఆరు దీవుల్లో జనం కాఫీ పక్కన ఫోను పెట్టుకుని
ఎదురుచూస్తుంటారు.
డాక్టర్ని తేవడానికి పొగమంచులోకి వెళ్ళినవాణ్ణి
వెనక్కి తీసుకురావాలంటే ఇంకో రెండు పేజీలు పడుతుంది.
"పడవ తిరిగి రాలేదు" అని రాసి
పంపేసి
దీపం ఆర్పేశాను.

మూడు చలికాలాలు పోయాయి.
ఇప్పుడు తెలుసు నాకు, వాడు వచ్చేవాడే.
డాక్టరు లేకుండా, ఒట్టి చేతులతో,
గుమ్మంలో నిలబడి, బూట్లు విప్పడం మర్చిపోయి,
ఆ ఇంట్లోవాళ్ళ మొహాలు చూడలేక
నేల మీద తన నీళ్ళనే చూస్తూ.
కథకి కావలసింది ఆ చావు కాదు.
ఆ బూట్లు.

ఒక్క మాట చాలు.
"పడవ ఇంకా తిరిగి రాలేదు."
ఇంకా. రెండక్షరాలు.
మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు.

పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు.
దాటనీ. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి రాదా?
ఒంటి మీద ఉండగా చొక్కా కుట్టకూడదనీ అంటారు.
నా కథ ఇప్పుడు ఎవరెవరి ఒంటి మీద ఉందో.
రన్‌వా తన పిల్లికి ఎలీయస్ అని పేరు పెట్టుకుంది,
గిన్నె నిండితే తప్ప పలకని పిల్లి.
రిటైరైన టీచరమ్మ సున్‌వా ఉత్తరం రాసింది:
"అమ్మాయీ, పది రోజుల తేడాలో రెండు పున్నములా?"
ఆ పూటే చంద్రుణ్ణి అరగదీశాను.
చంద్రుడి కోసం ఎవరూ ఏడవలేదు.

కానీ హైనీ ఉన్నాడు.
బెల్టుకి అవతల, నాకెదురుగా, కత్తి పట్టుకుని.
అతని తమ్ముడు సముద్రం మీదికి వెళ్ళి ఏడేళ్ళు.
తొమ్మిదో భాగం వచ్చిన మర్నాడు
మిషన్ల చప్పుడులో నా చెవి దగ్గరికి వంగి అన్నాడు:
"అందరూ మా అమ్మతో వస్తాడు వస్తాడు అన్నారు.
నువ్వొక్కదానివే అబద్ధం చెప్పలేదు."
అది నిజాయితీ కాదు హైనీ, నిద్ర,
అని ఆ రోజూ అనలేదు,
తర్వాత ఏ రోజూ అనలేదు.

మొన్న సోమవారం విరామంలో అడిగేశాను.
"తొమ్మిదిలో ఒక మాట కలిపితే?"
ఏ మాట అని అడగలేదతను.
చేతులు తుడుచుకుని, లాకరు తెరిచి,
నాలుగు మడతల కాగితాలు తీశాడు.
అచ్చు వేయించుకున్నాడు.
మడత మడతకీ నూనె మరక.
"నీది నువ్వేమైనా చేసుకో.
నాది నా దగ్గరుంది."

విప్పి చూశాను. నా వాక్యాలే.
పడవ నీలం అని నేను రాసిన చోట
పెన్సిలు గీత. పైన, చిన్నపిల్లాడి దస్తూరీలో: ఎరుపు.
కింది పేరాలో మళ్ళీ.
వెనక పేజీలో మళ్ళీ.
పదకొండు చోట్ల.
తమ్ముడి పడవ ఏ రంగో
కార్ఖానాలో తెలియనివాళ్ళు లేరు.
నాకూ తెలుసు. రాసినప్పుడూ తెలుసు.
కాగితాలు మడిచి ఇచ్చేశాను. గంట కొట్టింది.

ఇంటికొచ్చి కథ తెరిచాను.
ఇంకా, అని కొట్టాను. చెరిపాను. కొట్టాను.
కిటికీ బయట ఫెర్రీ వచ్చింది,
నాలుగు కార్లనీ ఒక గొర్రెల ట్రాలీనీ దించింది, వెళ్ళింది.
చెరిపాను.
తడి బూట్లు నా దగ్గరే ఉండిపోయాయి,
వాటికి ఇంకెక్కడైనా గుమ్మం చూడాలి.
పడవకి మాత్రం రంగు వేశాను
పదకొండు చోట్ల,
ఎవరికీ చెప్పకుండా.

గురువారం టీచరమ్మ ఉత్తరం:
"అమ్మాయీ, పడవ నీలం కదూ?
నాకు బాగా గుర్తు."