పానా

కోత అయిపోయిన బార్లీ చేను.
బోర్న్‌హోమ్ దీవి మీద అక్టోబరు గాలి.
కొత్త డిటెక్టరు నా చేతికిచ్చి గుడ్రూన్ అంది:
"చీపురులా ఊపకు. ఇస్త్రీపెట్టెలా
నేలకి అంటీ అంటనట్టు పోనీ.
తవ్వితే పూడ్చు. పూడ్చని వాళ్ళని
మళ్ళీ చేలోకి రానివ్వరు."

పొద్దుటినుంచీ కూతలే.
బీరు డబ్బాల రింగులు పదకొండు,
గుర్రపు నాడా మేకు ఒకటి,
వెండేమోనని గుండె ఝల్లుమనిపించిన
చాక్లెట్ రేకు.
ప్రతి కూతకీ మోకాళ్ళ మీద పడతాను.
గుడ్రూన్ నవ్వదు,
థర్మాస్ మూతలో కాఫీ పోస్తుంది.

మధ్యాహ్నం మోళ్ళ మధ్య బొంగురుగా ఒక మోత.
జానెడు లోతున తుప్పు. తుడిస్తే, పానా.
పిడి మీద గీరిన రెండక్షరాలు.

చేను ఆసామి ఎస్కిల్
దాన్ని అటూ ఇటూ తిప్పాడు.
"తమ్ముడు దొంగిలించాడన్నాను," అన్నాడు,
"ముప్పై ఏడేళ్ళ కింద. అందరి ముందూ."

ఇంకేం అనలేదు.
మట్టితోనే జేబులో వేసుకుని
ట్రాక్టరు నడుస్తుండగానే వదిలేసి
రేవు వైపు దిగిపోయాడు.

గుడ్రూన్ కళ్ళతోనే గొయ్యి చూపించింది.
కూచుని పూడ్చాను,
ఒక్కో గుప్పెడూ తట్టి తట్టి.