ఎనిమిదో స్తంభం

జాలారిపేట మొదట్లో నాదో జిరాక్సు కొట్టు.
ఆధార్ నకళ్ళు, పెన్షన్ కాగితాలు, పాసుపోర్టు ఫొటోలు.
ఉప్పుగాలికి మిషను దగ్గుతుంది,
నేనూ దగ్గుతాను.

ఆ ఏడు మా సందు మలుపులో ఒక స్తంభం లేచింది.
దాని నడుముకి కార్పొరేటర్ గారి నవ్వు కట్టారు.
కింద రాసుంది: ఉచిత ఇంటర్నెట్, ప్రజలకు కానుక.
మా డబ్బు మాకే చదివించినాయనకి
డప్పులు కూడా మేమే కొట్టాం.

వేట నిషేధం అయిపోయిన వారం
సూరాడ కాసులమ్మ ఫోను పట్టుకొచ్చింది,
పొలుసులంటిన తెర మీద గుండ్రం తిరుగుతోంది.
"ఏటిది బాబూ, గాలి కబురు సూద్దామంటే
సీరలు సూపిత్తంది?
మావోడు నడిసంద్రంలో ఉన్నాడు,
నాకు సీరెందుకు?"

చూశాను.
ఆ తీగలోంచి మూడే మూడు వస్తాయి:
నాయకుడి పేజీ, ఒక చీరల దుకాణం, ఒక వీడియోల యాప్.
తుఫాను హెచ్చరిక రాదు.
ఫిర్యాదుల పేజీ అసలే రాదు,
దానిది గానుగెద్దు నడక, తిరగడమే గానీ చేరడం లేదు.
డబ్బు కట్టినవాటికి తలుపు, మిగతావాటికి గోడ.
దీన్ని కాసులమ్మకి ఎలా చెప్పాలో నాకు తోచలేదు.
ఆమెకే తోచింది:
"అంటే రేవు మనదే, దారి ఆడిది."

నేను ఆవేశంగా డాల్ఫిన్ నోస్ మీది దీపం సంగతెత్తాను,
ఏ పడవ ఎవరిదని అది అడగదు కదా అన్నాను.
కాసులమ్మ నవ్వలేదు.
"దీపం అడగదు. జెట్టీ కాడ టోకెనోడు అడుగుతాడు.
నువ్వు ఆడి సంగతి రాయి."

రాశాం.
పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ఒక తెల్ల కాగితం:
అయ్యా, మా వార్డులో స్తంభాలెన్ని, బిల్లులెన్ని,
ఏ పేజీ తెరుచుకోవాలో తేల్చిందెవరు,
ఆ ఒప్పందం నకలు ఒకటి.
కింద కాసులమ్మ వేలిముద్ర,
సిరా మీద వంజరం వాసన.

నలభై ఒక్క రోజులకి జవాబొచ్చింది.
స్తంభాలు పద్దెనిమిది.
ఖర్చు పదకొండు లక్షల నలభై వేలు.
ఒప్పందం, వ్యాపార రహస్యం.

రహస్యమట.
మర్నాడు కాసులమ్మ గంప నెత్తికెత్తుకుంది,
అమ్మకం దారినే లెక్క దారి చేసుకుంది.
చినవాల్తేరు ఎగువ నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా
స్తంభానికో గవ్వ, కొంగున ముడి.
మధ్యాహ్నం నా బల్ల మీద విప్పింది.
ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను. గవ్వలు పిల్లల్ని పెట్టవు కదా.
ఏడే.

ఆ సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ గోడకి సున్నం కొట్టి
ఆడవాళ్ళు నా చేత బొగ్గుతో రాయించారు.
ఒకవైపు రేపటి గాలి వేగం,
మా మేనల్లుడు సొంత డబ్బుల డేటాతో చూసి చెప్పింది.
ఇంకోవైపు: పద్దెనిమిదిలో ఏడు పోతే పదకొండు.
రాత్రి ఎవరో వచ్చి పదకొండుని చెరిపేశారు.
గాలి వేగాన్ని మాత్రం వదిలేశారు, పాపం,
వాళ్ళ అన్నదమ్ములూ వేటకెళ్తారు.
మళ్ళీ రాశాం. మళ్ళీ చెరిపారు.
తొమ్మిదిసార్లు.

అప్పీలు విచారణ రెండు రోజులుందనగా
తెల్లారేసరికి ఆ గోడ పక్కనే కొత్త స్తంభం!
తీగ లేదు, పెట్టె లేదు, నవ్వు మాత్రం కట్టారు.
"ఏడాదయింది వేసి, మీరే చూళ్ళేదు"
అన్నాడు కాంట్రాక్టరు మనిషి, పళ్ళు కుట్టుకుంటూ.

కాసులమ్మ గంప దించింది.
నలభై ఏళ్ళుగా మొప్ప ఎత్తి చేప వయసు చెప్పే మనిషి,
వంగి, స్తంభం కాలి దగ్గర బొటనవేలు నొక్కింది.
దిగింది.

తీసి చూపించింది.
అర్జీ మీద పడ్డ గీతలే, ఆ మధ్యలో గాలం కోసిన గాటుతో సహా,
పచ్చి సిమెంటులో.

ఫొటో తీశాను. పంపుదామంటే గుండ్రం తిరుగుతోంది.
తిరగనీ అని మిషను ఆన్ చేశాను, అది దగ్గింది.
ఎన్ని కాపీలు అని అడిగితే
కాసులమ్మ వేలికంటిన సిమెంటు కొంగుకి తుడుచుకుని
"వార్డులో గుమ్మాలెన్ని?" అంది.