ఇంటర్వెల్ తర్వాత

మా ఓదెలు మామ
మట్టెవాడ టాకీసుల గేటుకాడ టికెట్లు చింపుతుండె.
మేనల్లున్ని గనక నాకు సిన్మ పుకట్ల.
కాకపోతే ఓనరు బువ్వకు ఇంటికి పోవాలె,
ఇంటర్వెల్ గంట కొట్టాలె,
అప్పుడు తలుపు జరంత తెరిచి
వీపు మీద చెయ్యేసి
చీకట్లకు నూకుతుండె.

పదకొండేండ్లు వచ్చేదాంక
నేను చూసినయన్నీ రెండో సగాలే.

నేను పోయేసరికి
హీరో చెల్లె దండేసిన ఫోటోల ఉంటుండె.
ప్రేమించుకున్నోళ్లు అప్పటికే మాట్లాడుకుంటలేరు.
పక్క సీట్ల పల్లికాయ ఒలుస్తున్న ముసలాయనను
"ఏమైందే తాతా" అని అడిగితే
"నోరు మూసుకొని చూడు పోరడా" అన్నడు.

నోరు మూసుకున్న.
ఇంటికొచ్చి లెక్కల నోటుబుక్కు వెనుకకు తిప్పి
మొదటి సగం నేనే రాసిన.

విలన్‌ను ఎనుమాముల మార్కెట్ల హమాలీ చేసిన.
మిర్చి బస్తాలు మోసి మోసి
కండ్లు ఎర్రగైనయని రాసిన.
తెర మీద ఎర్రగనే ఉండె మరి,
ఎందుకో ఎవలన్న చెప్పాలె గద.
వానికొక తమ్మున్ని ఇచ్చిన, నత్తోడు.
తమ్మున్ని ఎవడో వెక్కిరించిన పొద్దు
వాడు మొదటిసారి చెయ్యి లేపిండు.

ఆదివారం పోయి మళ్ల అదే రెండో సగం చూసిన.
వాడు నేల మీద పడుతాంటే
టాకీసంత ఈలలు, చిల్లర పైసలు.
నత్తి తమ్మునికి ఈ కబురు ఎవలు చెప్తరని
నేనొక్కన్నే ఏడ్సిన.
కొట్లాటకు భయపడ్డ అనుకొని
మామ గోలీసోడ కొనిచ్చిండు.

తర్వాత సీరియళ్ల కాలం.
కనుకవ్వ ఇంట్ల గల్లీ ఆడోళ్లంత కూడుతుండ్రి.
సరిగ్గ అత్త తలుపు తీసే యాళ్లకు
కరెంటు పోతుండె.
చీకట్ల పదిహేను మంది, ఒక్క విసనకర్ర.
తలుపు అవతల ఎవలున్నరో ఎవలకూ ఎర్కలేదు.
"అరే సగం సిన్మలోడా, నువ్వు చెప్పుర" అన్నది కనుకవ్వ.

పోస్టుమన్‌ను నిలబెట్టిన.
చేతిల పందొమ్మిదేండ్ల కిందటి ఉత్తరం పెట్టిన.
తెల్లారి రిపీటుల చూస్తే
తలుపు అవతల ఉన్నోడు పాలోడు.
కనుకవ్వ టీవీ దిక్కు చెయ్యి చూపి
"వీళ్లకు తెల్వదు" అన్నది.
ఇయ్యాళ్టిదాంక నాకు దక్కిన రివ్యూ అదొక్కటే.

ఇప్పుడు టాకీసు జాగల టైర్ల గోదాం ఉంది.
కాజీపేట లాడ్జిల నాది రాత్రి డ్యూటీ.
ఫోన్ల సిన్మలన్నీ మొదటి నుంచే మొదలైతయి,
ఆపుకోవచ్చు, వెనుకకు జరుపుకోవచ్చు.
మొన్న ఆ విలన్ సిన్మ మొదటి సగం
ముప్పై ఏండ్లకు చూసిన.
మిర్చి లేదు. తమ్ముడు లేడు.
వాడు ఊకెనే చెడ్డోడు.
ఫోన్ బోర్లేసి బయటికొస్తే
గూడ్సు బండి, ఎన్ని డబ్బాలో లెక్కపెట్టలే.

నేను పంపిన కథలు తిరిగొస్తయి.
"మీ కథ మధ్యల మొదలైతుంది" అని ఒకాయన రాసిండు.
ఆయనకు నేనేం చెప్పాలె?

మామ ఎంజీఎంల పడ్డడు.
మంచం కాడ కూసొని పాత సిన్మలు తీసిన.
"నేనొక్కటి సుత చూడలేదుర" అన్నడు.
"ఇరవై రెండేండ్లు గేటు బయటనే.
మాటలన్నీ ఇన్న. మొఖాలు ఎర్కలేవు.
గా విలన్ ఎట్లుండెరా?"

చెప్పిన. కండ్లు ఎర్రగ, మిర్చి ఘాటుకు.
బస్తాలు మోసిన భుజం ఒక దిక్కు వంగి.
వానికొక తమ్ముడు, నత్తోడు.

మామ చాన సేపు కప్పు దిక్కు చూసిండు.
"నత్తి మాట నాకు ఇనపడలే గదర?"

మొదటి సగంల ఉంటది మామా,
అప్పుడు నువ్వు టికెట్లు చింపుతున్నవు.