టికెట్ వెనకాల

పొద్దుగాల ఐదింటికే స్వరూప డ్యూటీ ఎక్కుతది.
హన్మకొండ నుంచి కరీంనగర్, మళ్ల హన్మకొండ,
మళ్ల కరీంనగర్.
ఎల్కతుర్తి దాటినంక ఎండ ఎక్కుతదట బస్సుల,
ఏ సీటు కావాల్నంటే ఆ సీట్ల కూసుంటదట.

నాది ఇంట్లనే కొలువు.
నయీంనగర్‌ల రెండో అంతస్తు, పడమటి అర్ర.
ఎవరెవరివో బీమా ఫైళ్లు
తొమ్మిదింటికి తెరుస్త, ఆరింటికి మూస్త.
నడుమ ఉన్నదంత ఎండకాలం సెలవులు.

కూలర్ గడ్డి ఎండిన వాసనొస్తే
ఓంకార్ బకెట్ పొయ్యలేదని లెక్క.
ఎనుమాముల దిక్కు నుంచి గాలి మళ్లితే
మిరప ఘాటు. మీటింగ్‌ల తుమ్ముత.
పాణం బాగలేదా అని అడుగుతడు మేనేజరు.
మిర్చి బస్తాల సంగతి ఆయనకు యాడికెల్లి మొదలు వెట్టాలె?

సెలవులైన మొదటి వారం గోడకు టైంటేబుల్ అంటించిన.
ఎక్కాలు, బొమ్మలు, తెలుగు పది పేజీలు.
రెండో వారానికి ఆ కాయిదం పడవై
కూలర్ తొట్టిల తేలింది.
స్టేడియంల స్కేటింగ్‌కు ఇద్దరికీ పైసలు కట్టిన.
నాలుగో రోజు ఓంకార్ మోకాలు పగిలింది,
ఐదో రోజు నా లాగిన్ లేటయింది,
ఆరో రోజు నుంచి ఎవ్వలం దాని ముచ్చట తియ్యలే.

టికెట్ మిషను రోలు చివర్ల గులాబి గీత పడతది,
ఆ ముక్క పనికిరాదని స్వరూప ఇంటికి తెస్తది.
అవి మైత్రి చేతిల వడ్డయి.
తెల్లారేసరికి నా అర్ర బస్సయింది,
గడప కాడ కండక్టర్ నిలవడ్డది.
నాయిన దగ్గరికి పోవాల్నంటే టికెట్. మనిషికి మూడు.
ఓంకార్ పదింటికల్లా మూడూ ఒడగొట్టిండు.
మామిడికాయ కోసియ్యమని ఒకటి,
బల్లికి తోక లేదు చూడుమని ఒకటి,
ఒకటేమో, "ఏం లేదు నాయినా, ఊకెనే."
మైత్రికి మాత్రం లెక్కలేదు.
"నేను ఆడపిల్లను గద, నాకు జీరో టికెట్" అన్నది.
గోడకు ఒరిగి వాడు ఏడ్సిన ఏడుపు
ముప్పై రెండు మంది ఇన్నరు.
నేను మ్యూట్‌ల ఉన్న ననుకున్న.

మూడింటికి కరెంటు పోయింది.
ఇన్వర్టర్ మోసేది వైఫైని, ఒక్క ఫ్యానును.
ఆ ఫ్యాను నా అర్రల ఉంది.
టికెట్లు ఎవ్వలూ అడగలే.
ఇద్దరూ మెల్లగ వచ్చి నా కుర్చీ కింద
షాబాద్ బండల మీద బోర్ల పండుకున్నరు,
కెమెరాకు కనవడకుంట.
నా పాదం మీద ఎవరిదో చెంప, చెమట.
కాలు కదపకుంట
పాలసీ నంబర్లు చదువుకుంట పోయిన.

"ఆటకొస్తవా?" కింది నుంచి గుసగుస.
"ఇంకో అర్ధగంట."
మైత్రి లేచి ఒక టికెట్ బోర్లించి
పెన్ను నా ఏళ్ల నడుమ పెట్టింది.
"రాయి."
"ఏం రాయాలె?"
"చిల్లర లేకపోతే అమ్మ రాస్తది గద, వెనకాల."
రాసిన. అర్ధగంట.
ఆరింటికల్లా అసుంటివి ఐదయినయి.
ఒకదాని మీద గంట. ఒకదాని మీద
ఆదివారం భద్రకాళి చెరువు కట్ట.
ఒకదాని మీద ఏం రాసిన్నో నాకే సమజైతలేదు.

రాత్రి తొమ్మిదింటికి స్వరూప వచ్చి
నీళ్ల బకెట్‌ల కాళ్లు పెట్టి కూసున్నది.
మిద్దె మీద పోరగాండ్లు నిద్రపోయిర్రు,
ఓంకార్ పిడికిట్ల టికెట్లు మెత్తవడ్డయి.
ఒక్కొక్కటే తీసి, తిప్పి, చదివింది.
నవ్వుతదనుకున్న.
"గింత బాకీ వెట్టినవా" అన్నది.
"రేపు ఇచ్చేస్త" అన్న.

సంచి గుమ్మరించింది.
పదులు ఒక దిక్కు, ఐదులు ఒక దిక్కు.
"ఇయ్యాల హుజూరాబాద్ కాడ ఒక పిలగాడు దిగిండు,
ముప్పై ఐదు రూపాయలు నా దగ్గర్నే మర్సిపోయిండు.
బస్సు కదిలినంక యాదికొచ్చి
కిటికీల నుంచి పిలిచిన.
ఇనవడలే వానికి."

లెక్క అయిపోయింది.
ఆ ముప్పై ఐదు మాత్రం దేంట్ల కలపకుంట
పక్కకు పెట్టింది.