ఎడమ నించి, కుడి నించి

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుటి సందులో
నలభై రెండు గదుల లాడ్జి.
రాత్రి పది నించి తెల్లారి ఆరు దాకా
తాళాల బోర్డు కింద నేనూ,
అట్ట ఊడి వేలాడతా ఉండే వాస్తవ విశ్లేషణ పుస్తకమూ.
నాకన్నా ముందు చదివినోడెవడో
మొదటి పేజీలో రాసిపెట్టినాడు:
"అర్థం కాకపోతే బట్టీ కొట్టు,
బట్టీ కూడా రాకపోతే ఊరికి బస్సెక్కు."

పన్నెండు తరువాత ఇక్కడ పదమూడు లేదు,
పన్నెండు-ఏ ఉండాది.
ఓనరు దొరస్వామి నాయుడికి పదమూడంటే భయం.
ఆయన పుణ్యాన
ఒక సహజసంఖ్య మా లాడ్జిలో ఎప్పుడూ దిగలేదు.

క్లాసులో మునిరత్నం సారు చెప్పినాడు:
అంతులేనన్ని గదుల సత్రం ఒకటుందనుకోండి,
అన్నీ నిండినాయి, అయినా ఒకడొచ్చినాడు.
ఒకటో గదివాణ్ణి రెండుకి, రెండోవాణ్ణి మూడుకి
అట్లా జరుపుకుంటా పోండి,
చోటు దొరికిందా లేదా?
అందరూ తలలూపినారు.
నాకు నవ్వొచ్చింది.
రాత్రి రెండుకి తలుపు కొట్టి
'పక్క గదికి పోండి సామీ' అంటే
ఏం తిడతారో సారుకేం తెలుసు.

మొన్న పరీక్షలో
అవిచ్ఛిన్నతకి నిర్వచనం రాయమంటే
ఎప్సిలాన్ రాసినా, డెల్టా రాసినా,
ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక
రెండిటినీ కొట్టేసినా.
పద్నాలుగు మార్కులు.

మా నాయన పుత్తూరులో
ఎముకల కట్లు కట్టే చోట పనిచేస్తాడు.
చేతులు ఎప్పుడూ పసరు వాసన,
గోళ్ళ కింద ఆరిన కోడిగుడ్డు సొన.
ఫోన్లో అడిగినాడు:
"ఫెయిలంటే, ఏడ విరిగిందిరా?"
ఎక్స్ సున్నా దగ్గర, నాయనా
అనాల్సింది.
సిగ్నల్ లేదన్నాను.

నిన్న ఒంటిగంటన్నరప్పుడు
ముళబాగిలు పెద్దాయన ఒకడు,
కొత్త గుండు మీద చందనం ఇంకా ఆరలేదు,
దిగేటప్పుడు మోకాళ్ళమెట్టు కాడ జారినాడంట.
ఎడమ చేతిని కుడిచేత్తో
చంటిబిడ్డ మాదిరి మోసుకుంటా వచ్చినాడు.
ఆస్పత్రి అంటే వద్దన్నాడు, గది అడిగినాడు.
గదుల్లేవు.
ఎవర్నీ పక్కకి జరపలేను.
కౌంటరు వెనక నా చాప పరిచినా.

ఆ చేతిని నాయన పట్టుకున్నట్టే పట్టుకున్నా:
ఒక బొటనవేలు మోచేతి నించి కిందికి,
ఇంకో బొటనవేలు మణికట్టు నించి పైకి.
వడ్లగింజంత దూరం,
నువ్వుగింజంత,
ఇంకా తక్కువ.
రెండు వేళ్ళూ ఒకే చోట కలిస్తే ఎముక బాగున్నట్టు.
ఒకటి మిట్టన, ఒకటి పల్లాన ఆగితే
నడమ తేడా ఎంత కొంచెమైనా
విరిగినట్టే.

"అమ్మా" అన్నాడాయన.

నా వేళ్ళు ఆగిపోయినాయి.
ఎంత సన్నని తేడా దాకా ఒప్పుకుంటావని
ముందు అడిగేది ఎప్సిలాన్.
దానికి తగినంత దగ్గరికి
జరిగి వచ్చేది డెల్టా.
ముందు నొప్పి అడగాల,
తరువాత వేలు జరపాల.
ఇంతేనా?
రెండేండ్లుగా ఇంతేనా?

పెద్దాయన పండ్లు బిగబట్టుకోనుండాడు, అది మరిచిపోయినా.

పుస్తకం అట్ట పూర్తిగా పీకేసి
చేతి కింద పెట్టి
తువ్వాలుతో చుట్టినా.
అయిదు గంటల బస్సుకి
మా నాయన పేరు చెప్పి
పుత్తూరు పంపించినా.

మధ్యాహ్నం ఫోను.
"వాస్తవ... విశ్లేషణ..."
కూడబలుక్కుంటా చదువుతున్నాడు నాయన,
"ఇది నీ పుస్తకానిదేనా?"
"అవును నాయనా."
కొంచేపు ఏమీ మాట్లాడలేదు.
వెనకాల ఎవరో గుడ్లు పగలగొడుతున్న చప్పుడు.
"విరిగిన చోటు సరిగ్గానే పట్టుకున్నావు,
కట్టే కొంచెం వదులు."